బార్బర్ లైసెన్సుకు స్కూలా, అప్రెంటిస్‌షిప్పా?

ప్రశ్న: మేము కాలిఫోర్నియాలో స్థిరపడ్డాం. హైస్కూల్ పూర్తి చేసిన మా అబ్బాయి బార్బర్ అవుతానంటున్నాడు. బార్బర్ స్కూలుకు ఫీజు కట్టకుండా, షాపులోనే పని నేర్చుకుని లైసెన్సు తెచ్చుకోవచ్చా? – ఒక తల్లి

జవాబు: తెచ్చుకోవచ్చమ్మా, అయితే అది దగ్గరిదారి మాత్రం కాదు. స్కూల్లో 1,000 గంటల శిక్షణ సరిపోతుంది. అప్రెంటిస్ (షాపులో పని చేస్తూ నేర్చుకునేవాడు) అయితే ముందుగా 39 గంటల ప్రాథమిక శిక్షణ పొంది, ఆపైన రెండేళ్లలో 3,200 గంటలు షాపులో పని చేస్తూ, 220 గంటల తరగతులకూ హాజరు కావాలి. చివరకు ఇద్దరూ రాసేది ఒకే రాతపరీక్ష. 2022 నుంచి ప్రాక్టికల్ పరీక్ష లేదు. సమయం ఎక్కువ పట్టినా, నేర్చుకునే కాలమంతా జీతం వస్తుంది కాబట్టి అప్పు చేసి ఫీజు కట్టలేని కుటుంబానికి ఈ దారే మేలని నా అభిప్రాయం.

అప్రెంటిస్‌షిప్ అంటే ఉద్యోగమే కనుక మీ అబ్బాయికి అమెరికాలో పని చేసే అనుమతి ఉండి తీరాలి. హెచ్-4 వీసా (హెచ్-1బి ఉద్యోగి భార్య/భర్తకూ పిల్లలకూ ఇచ్చేది) మీద చదువుకోవచ్చు గానీ, విడిగా వర్క్ పర్మిట్ లేనిదే షాపులో పనికి చేరకూడదు. అలాగే, రాష్ట్ర బార్బరింగ్ అండ్ కాస్మటాలజీ బోర్డు ఇచ్చే అప్రెంటిస్ లైసెన్సు చేతికి రాకముందు ఎవరైనా "రేపటి నుంచే రమ్మనండి" అంటే ఒప్పుకోకండి. ఆ గంటలు లెక్కలోకి రావు సరికదా, చట్టవిరుద్ధం కూడా. మరో రాష్ట్రానికి మారే ఆలోచన ఉంటే, అప్రెంటిస్ గంటలను అక్కడ ఎలా లెక్కిస్తారో ఆ రాష్ట్ర బోర్డునే ముందుగా అడగండి.

వీటన్నిటికంటే ముఖ్యం నేర్పే మనిషి. షాపులో ఊడవడం, తువ్వాళ్లు మడవడంతోనే నెలలు గడిచిపోయిన పిల్లవాడికి గంటలు నిండుతాయి గానీ చేతికి పని రాదు. మీ అబ్బాయిని ఒక పూట షాపులో కూర్చుని గమనించమనండి: దువ్వెనకు అంటిన వెంట్రుకలు తీసి, సబ్బునీళ్లతో కడిగి, ఆ తర్వాతే క్రిమిసంహారక ద్రావణంలో పూర్తిగా మునిగేలా, సీసా మీద రాసిన సమయం వరకు ఉంచుతున్నారా? గడ్డం గీసేటప్పుడు చర్మాన్ని ఏ వేలితో ఎటు లాగి పట్టుకోవాలో పక్కన నిలబెట్టి చూపిస్తున్నారా? రాతపరీక్షలోనూ ఆరోగ్యం, భద్రత ప్రధానమైన అంశాలే. ఇవి సరిగ్గా ఉంటే, మొదటి నెలల్లో ఏమేం నేర్పుతారో, గంటల రికార్డు ఎవరు రాస్తారో, జీతం ఎంతో తెలుసుకుని, ఆ తర్వాతే ఒప్పందం మీద సంతకం చేయించండి.