కుక్కర్‌లో కూరగాయల సూప్: విజిల్స్ కంటే, మూత తీశాక ఏం వేస్తారన్నదే ముఖ్యం

పళ్లు తీయించుకున్న మీ అమ్మగారి కోసం కుక్కర్‌లో కూరగాయల సూప్ చేయాలనుకుంటున్నారనీ, ఎన్ని విజిల్స్ రానివ్వాలో, అంత వేడికి విటమిన్లు మిగులుతాయో లేదో తెలియడం లేదనీ అడిగారు. తిరుపతిలో మా మామగారికి పళ్లు తీసినప్పటి నుంచి రాత్రిపూట నేను వండేది ఇదే. కుక్కర్ గురించి బెంగపడకండి.

లోపలి వేడి సుమారు 120 డిగ్రీలకు చేరే మాట నిజమే. కానీ మామూలు గిన్నెలో అరగంట తీసుకునే ముక్కలు అందులో కొద్ది నిమిషాల్లోనే మెత్తబడతాయి. వేడికి తొందరగా దెబ్బతినేది విటమిన్ సి. అది నీళ్లలోకి కూడా దిగిపోతుంది. ముక్కలు ఉడికించిన నీళ్లు పారబోస్తే దానితో పాటు మరికొన్ని పోషకాలూ పోతాయి. సూప్‌లో ఆ నీళ్లే మనం తాగుతాం. ఇక టమోటాలోని లైకోపీన్, క్యారట్‌లోని బీటా కెరోటిన్ అయితే ఉడికి, కాస్త నూనె తగిలితేనే బాగా వంటబడతాయి.

నలుగురికి నేను వేసే లెక్క ఇది. రెండు క్యారట్లు, పావుకిలో లేత సొరకాయ, మూడు టమోటాలు, గుప్పెడు పెసరపప్పు, చిన్న అల్లం ముక్క. మదనపల్లె టమోటా చవకగా దొరికే రోజుల్లో ఇంకో రెండు వేస్తాను. చెంచా నూనెలో జీలకర్ర చిటపటలాడాక ముక్కలు, కడిగిన పప్పు వేసి ఒకసారి కలిపి మూడు గ్లాసుల నీళ్లు పోయండి. కుక్కర్‌లో ఆవిరి పెద్దగా బయటికి పోదు కాబట్టి నీళ్లు ఎక్కువ పోస్తే సూప్ పలచనైపోతుంది. పప్పు పొంగి నురగ వెయిట్‌కు అడ్డుపడుతుంది, అందుకని కుక్కర్ సగానికి మించి నిండకూడదు. ఒక విజిల్ వచ్చాక మంట తగ్గించి మూడు నిమిషాలు ఉంచి దించండి. వెయిట్‌ను గరిటెతో ఎత్తి ఆవిరి వదలవద్దు. దానంతట అదే చల్లబడేలోగా పప్పు పూర్తిగా మెత్తబడుతుంది.

మూత తీశాక మిక్సీ వెతకాల్సిన పనిలేదు. పప్పుగుత్తితో నాలుగు తిప్పులు తిప్పితే చాలు. మిక్సీయే కావాలంటే బాగా చల్లారాకే వేయండి. వేడి సూప్ ఆవిరికి జార్ మూత ఎగిరి చేతులు కాలతాయి. వడకట్టవద్దు, పీచంతా జల్లెడలోనే ఉండిపోతుంది.

చిక్కదనానికి హోటళ్లలో మొక్కజొన్న పిండి కలుపుతారు. రాగి సంగటి తినే మన ఇళ్లలో దాని అవసరమేముంది? చెంచాడు రాగిపిండిని చన్నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, మరుగుతున్న సూప్‌లో పోసి అయిదు నిమిషాలు తిప్పండి. పచ్చివాసన పోయి, గరిటెకు పల్చటి పొరలా అంటుకునే చిక్కదనం వస్తుంది. 100 గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా క్యాల్షియం ఉంటుంది. చెంచాడుతో వచ్చేది కొద్దిపాటే అయినా, మొక్కజొన్న పిండిలో ఆ కొద్దీ ఉండదు.

సన్నగా తరిగిన మునగాకు కూడా ఈ దశలోనే వేసి, మెత్తబడేదాకా ఉడకనివ్వండి. పొయ్యి ఆర్పాక కొత్తిమీర, దంచిన మిరియాలు. నిమ్మరసం మాత్రం గిన్నెలో వడ్డించాక పిండండి. ఉడుకులో పోయిన విటమిన్ సి కొంతైనా అలా తిరిగి వస్తుంది. ఉప్పు కూడా చివర్లోనే, రుచి చూసి వేయండి. రోజు మొత్తానికి 5 గ్రాములకు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. మా మామగారికి బీపీ ఉంది. నిమ్మ, మిరియాలు ఉంటే ఆయనకు ఉప్పు తక్కువైనట్టే తెలియదు. దుకాణాల్లో దొరికే ప్యాకెట్ సూప్ పొడుల్లో ఉప్పు బాగా ఎక్కువ, అమ్మగారికి అవి వద్దు.

ఒక జాగ్రత్త తప్పనిసరి. అమ్మగారికి మూత్రపిండాల జబ్బు ఉండి, పొటాషియం తగ్గించమని డాక్టరు చెప్పి ఉంటే, పైన చెప్పిందంతా ఆమెకు పనికిరాదు. ముక్కల్లోని పొటాషియం కూడా ఆ నీళ్లలోకే దిగుతుంది. అలాంటివారికి ఉడికించిన నీళ్లు వార్చేసి వండమంటారు. డాక్టరును అడగకుండా ఈ సూప్ ఇవ్వకండి.

ఇదొక్కటే రాత్రి భోజనం అనుకోకండి. మా మామగారికి దీనితో పాటు మెత్తగా కలిపిన పెరుగన్నం గానీ, గుడ్డు గానీ పెడతాను. లేకపోతే అర్ధరాత్రి ఆకలికి నిద్ర లేస్తారు.