ఎన్నికలు, యుద్ధాల వార్తలకు భయపడి ఎస్‌బీఐ షేర్లు అమ్మేయాలా?

తిరుపతి నుంచి వచ్చిన ప్రశ్న ఇది. నాన్నగారి రిటైర్మెంట్ డబ్బులో కొంత ఎస్‌బీఐ షేర్లలో ఉంది, కొంత అదే బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్‌గా ఉంది. వచ్చే ఏడాది చెల్లెలి పెళ్ళి. ఎన్నికలు, యుద్ధం, టారిఫ్‌లు అంటూ రోజూ ఏదో ఒక వార్త. స్నేహితుల్లో కొందరు వెంటనే అమ్మేయమంటున్నారు, ఇంకొందరు తగ్గిన ప్రతిసారీ కొనమంటున్నారు. ఎవరి మాట వినాలి? ఎఫ్‌డీ, షేర్లు రెండూ ఒకే బ్యాంకులో ఉంటే రిస్కు కూడా ఒకటేనా?

నా జవాబు ముందే చెప్పేస్తాను. పెళ్ళికి ఎంత కావాలో లెక్క వేసుకుని అంత మేరకు షేర్లు అమ్మేయండి. మిగతావి ఉంచుకోవచ్చు, రాజకీయ వార్తలు చూసి వాటిని కదిలించొద్దు. ఈ రెండు మాటలూ ఎందుకంటున్నానో వివరంగా చెబుతాను, ఎందుకంటే మీ ఇంట్లో దీని మీద చర్చ జరుగుతుంది, మీ దగ్గర కారణాలు ఉండాలి.

నేను చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో అకౌంట్స్ చూస్తాను. షేర్ల సలహాలు ఇవ్వడం నా వృత్తి కాదు. కానీ బ్యాంకుల్ని అప్పు తీసుకున్న వైపు నుంచి చాలా ఏళ్ళుగా దగ్గరగా చూస్తున్నాను. 2020 నుంచి నా దగ్గర కూడా ఎస్‌బీఐ షేర్లు ఉన్నాయి.

2024 జూన్ మొదటి వారం గుర్తుందా? శనివారం సాయంత్రం ఎగ్జిట్ పోల్స్ వచ్చాయి. సోమవారం, అంటే జూన్ 3న, స్టాక్ మార్కెట్ సూచీ సెన్సెక్స్ 2,500 పాయింట్లకు పైగా పెరిగింది. ఎస్‌బీఐ షేరు 912 దాకా వెళ్ళి 905 దగ్గర ముగిసింది. ఆ సాయంత్రం కట్టమంచి దగ్గర టీ అంగడిలో మేం నలుగురం కూర్చున్నాం. మాలో బట్టల అంగడి నడిపే ఆయన చాలా ఉత్సాహంగా ఉన్నారు. "రేపు సీట్లు 400 దాటితే షేరు వెయ్యి అవుతాది, ఇప్పుడే కొనండప్పా" అన్నారు. రిటైరైన ఆర్టీసీ ఆయన "గమ్మునుండు సామీ, ఓట్లు లెక్కపెట్టనీ" అన్నారు. కాలేజీ లెక్చరర్ ఒకాయన మాత్రం అమ్మడమా కొనడమా తేల్చుకోలేక ఫోన్ చూస్తూ ఉండిపోయారు.

మరుసటి రోజు మంగళవారం, ఓట్ల లెక్కింపు. మన రాష్ట్రంలో కూటమికి 175లో 164 వచ్చాయి, ఊరంతా టపాకాయల మోత. ఢిల్లీలో లెక్క వేరేగా వచ్చింది. బీజేపీ 240 దగ్గర ఆగింది. సెన్సెక్స్ 4,389 పాయింట్లు పడిపోయింది. ఎస్‌బీఐ షేరు ఒక్క రోజులో దాదాపు 14 శాతం పడి 775 దగ్గర ముగిసింది. అదే టీ అంగడిలో నిన్న కొనమన్నాయన ఈరోజు "ఉన్నకాడికి అమ్మేస్తే పోలా?" అంటున్నారు. లెక్చరర్ గారేమో అప్పు తెచ్చైనా కొంటానంటున్నారు. ఆయన్ని ఆపడానికి నాకు, ఆర్టీసీ ఆయనకు చాలాసేపు పట్టింది.

రెండు సాయంత్రాలూ మా మాటలన్నీ సీట్ల గురించే. బ్యాంకు గురించి ఒక్క మాట లేదు. నిజానికి అంతకు నెల కూడా కాకముందే, మే 9న, ఆ బ్యాంకు ఫలితాలు చెప్పింది. ఒక్క త్రైమాసికంలోనే లాభం 20,698 కోట్లు. సోమవారం రాత్రికీ మంగళవారం సాయంత్రానికీ మధ్య ఆ బ్యాంకు పుస్తకాల్లో మారిందేమీ లేదు. ప్రభుత్వం ఎంత బలంగా ఉంటుంది, ఎన్ని ఉచిత హామీలు ఇవ్వాల్సి వస్తుంది అన్న జనం అంచనా మాత్రమే మారింది.

ఇక్కడే చాలామంది ఒక మాట అంటారు: "మూడు రోజుల్లో మార్కెట్ మళ్ళీ పైకొచ్చేసింది కదా, భయమెందుకు?" సెన్సెక్స్ వచ్చిన మాట నిజమే, జూన్ 7కల్లా కొత్త గరిష్ఠానికి చేరింది. కానీ ఎస్‌బీఐ షేరు జూన్ 3 నాటి ధరను మళ్ళీ దాటడానికి ఏడాదికి పైగా పట్టింది. మధ్యలో 2025 మార్చి మొదట్లో 700 కంటే కిందికి కూడా వెళ్ళింది. బ్యాంకు బాగానే ఉంది, కేంద్రంలో ప్రభుత్వం కుదురుకుంది, లాభాలు పెరుగుతున్నాయి, అయినా షేరు అక్కడ ఉంది. ఆ మార్చిలో ఎవరింట్లోనైనా పెళ్ళి ఉండి, ఆ డబ్బు ఈ షేర్లలో ఉండి ఉంటే? కల్యాణ మండపానికి అడ్వాన్సు కట్టాల్సిన రోజు షేరు ధర కోసం ఆగదు. అందుకే మీకు తేదీ ఉన్న అవసరానికి డబ్బు పక్కన పెట్టమంటున్నాను. ఇందులో రాజకీయం ఏమీ లేదు. ఏ ప్రభుత్వం ఉన్నా ఇదే చెప్పేవాణ్ణి.

అదే వారంలో ఇంకో చర్చ కూడా జోరుగా నడిచింది. బ్యాంకు షేర్లు అమ్మేసి హెరిటేజ్ ఫుడ్స్, అమరరాజా కొనమని. మన జిల్లాతో ముడిపడ్డ కంపెనీలు, ప్రభుత్వం మారింది, ఇంకేం కావాలి అన్నట్టు మాట్లాడారు. అవి ఆ రోజుల్లో బాగా పరిగెత్తాయి కూడా. ఆ జూన్, జూలైలలో చేరిన ధరలు తర్వాతి ఏడాది నిలవలేదు. పాల వ్యాపారం ఎలా ఉంది, బ్యాటరీల వ్యాపారం ఎలా ఉంది అని చూసి కొంటే నాకేమీ అభ్యంతరం లేదు. ఎవరు గెలిచారని చూసి కొనడం మాత్రం నాకు నచ్చదు.

అలాగని ప్రభుత్వ బ్యాంకుకు రాజకీయంతో సంబంధం లేదని కాదు. సంబంధం చాలా ఉంది, అది ఓట్ల లెక్కింపు రోజున కనిపించదు, అంతే. ఎస్‌బీఐలో సగానికి పైగా వాటా కేంద్ర ప్రభుత్వానిది. యజమాని నిర్ణయిస్తే చిన్న వాటాదారు చేసేదేమీ ఉండదు. మా నాయన దగ్గర ఆంధ్రా బ్యాంకు షేర్లు ఉండేవి. పట్టాభి సీతారామయ్య గారు 1923లో మచిలీపట్నంలో పెట్టిన బ్యాంకు అని ఆయనకు దాని మీద ఒక అభిమానం. 2020 ఏప్రిల్ 1న అది యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. 1,000 ఆంధ్రా బ్యాంకు షేర్లకు 325 యూనియన్ బ్యాంకు షేర్లు ఇచ్చారు. మా నాయనను ఎవరూ అడగలేదు, ఆయన ఎవరికి ఓటేశారన్నదానితో దానికి పనీ లేదు.

రుణమాఫీ సంగతి కూడా అంతే. 2014లో మన రాష్ట్రంలో కుటుంబానికి లక్షన్నర దాకా పంట రుణాల మాఫీ ప్రకటించి, విడతలవారీగా ఇచ్చారు. ప్రభుత్వమే కట్టింది కాబట్టి బ్యాంకుకు నష్టమేముంది అనిపిస్తుంది. కానీ హామీ విన్న రోజు నుంచి చాలామంది వాయిదాలు కట్టడం, రెన్యువల్ చేయించుకోవడం ఆపేశారు. మా ఫ్యాక్టరీకి కాయ తోలే రైతుల్లోనే ఎంతోమంది అలా ఆగి చూశారు. వాళ్ళను తప్పుపట్టను, ఎవరైనా అదే చేస్తారు. కానీ ఆ ప్రభావం బ్యాంకు లెక్కల్లోకి వచ్చేసరికి ఎన్నికల వార్త పాతదైపోతుంది.

నా పని గురించి చెప్పాను కదా, అక్కడి నుంచి నేర్చుకున్నది ఒకటి ఉంది. తోతాపురి సీజన్‌లో రెండు మూడు నెలల్లోనే ఏడాదికి సరిపడా కాయ కొనాలి. ఆ డబ్బు క్యాష్ క్రెడిట్ లిమిట్ నుంచే, అంటే సరుకు చూపించి బ్యాంకు దగ్గర వాడుకునే అప్పు నుంచే వస్తుంది. నెలనెలా స్టాక్ స్టేట్‌మెంట్ ఇస్తాం, గోడౌన్‌లో ఎన్ని డ్రమ్ములు ఉన్నాయో చూసి బ్యాంకు డ్రాయింగ్ పవర్, అంటే ఎంతవరకు తీసుకోవచ్చో నిర్ణయిస్తుంది. 2023 చివరి నుంచి ఎర్ర సముద్రంలో ఓడల మీద దాడులు మొదలయ్యాయి. మన గుజ్జు ఎక్కువగా వెళ్ళేది అరబ్ దేశాలకు, యూరప్‌కు. ఓడలు చుట్టూ తిరిగి పోవాల్సి వస్తే ఖర్చూ పెరిగింది, ఆలస్యమూ పెరిగింది. సరుకు కదలకపోతే అప్పు కదలదు. 2025 సీజన్‌కి పాత నిల్వలు మిగిలి తోతాపురి ధర కుప్పకూలింది. చివరికి ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు కలిపి కిలోకి 12 అని నిర్ణయించాల్సి వచ్చింది. ఆ నెలల్లో మా జిల్లాలో ఏ బ్రాంచి మేనేజర్‌ని కదిపినా టెన్షనే.

అది చూసి బ్యాంకు షేరు అమ్మేయాలని మా ఆఫీసులోనే కొందరు అనుకున్నారు. మా జిల్లా గుజ్జు ఫ్యాక్టరీల అప్పులన్నీ కలిపినా, 42 లక్షల కోట్లు దాటిన ఎస్‌బీఐ అప్పుల్లో అవి కనబడను కూడా కనబడవు. మన కళ్ళ ముందు ఉన్న కష్టం మనకు పెద్దది, దాన్ని బట్టి అంత పెద్ద బ్యాంకును అంచనా వేయలేం. దానికి బ్యాంకు మొత్తం లెక్కే చూడాలి. 2018 మార్చి నాటికి ఎస్‌బీఐ ఇచ్చిన అప్పుల్లో 10.91 శాతం మొండి బాకీలు. ఆ ఏడాది బ్యాంకుకు 6,547 కోట్ల నష్టం. 2025 మార్చికి మొండి బాకీలు 1.82 శాతం, వాటి నష్టానికని ముందే పక్కన పెట్టిన డబ్బు (ప్రొవిజన్లు) తీసేస్తే, అంటే నికరంగా, 0.47. లాభం 70,901 కోట్లు. ఈ ఏడేళ్ళలో రెండు లోక్‌సభ ఎన్నికలు, కరోనా, సరిహద్దులో ఉద్రిక్తతలు అన్నీ వచ్చిపోయాయి.

షేరు పడిన ప్రతిసారీ నేను ఒకటే చూస్తాను: దెబ్బ బయటి నుంచి తగిలిందా, జబ్బు లోపలే ఉందా? 2025 ఏప్రిల్ 7న అమెరికా టారిఫ్‌ల (దిగుమతి సుంకాల) భయంతో సెన్సెక్స్ 2,226 పాయింట్లు పడింది. అది బయటి దెబ్బ. మే నెలలో ఆపరేషన్ సిందూర్ రోజుల్లో పడినదీ అంతే, కాల్పులు ఆగాక మే 12న ఒక్క రోజే దాదాపు 3,000 పాయింట్లు పెరిగింది. కానీ అదే ఏడాది మార్చి 11న ఇండస్‌ఇండ్ బ్యాంకు షేరు 27 శాతం పడింది. ఆ రోజు ఎన్నికలూ లేవు, యుద్ధమూ లేదు. డెరివేటివ్‌ల (కరెన్సీ, వడ్డీ రేట్ల మార్పుల మీద ఆధారపడే ఒప్పందాల) లెక్కల్లో తేడా ఉందని, అది నికర విలువలో 2.35 శాతం దాకా ఉండొచ్చని ముందురోజు బ్యాంకే చెప్పింది. ఇలాంటప్పుడు "తగ్గింది కదా, కొందాం" అనే వాళ్ళ మాట అస్సలు వినొద్దు. లోపల ఎంత ఉందో బయటివాళ్ళకు తెలిసేసరికి నెలలు పడుతుంది.

మీ నాన్నగారి ఎఫ్‌డీ, షేర్లు రెండూ ఒకే బ్యాంకులో ఉన్నాయి కాబట్టి రిస్కు కూడా ఒకటేనా అని అడిగారు. కాదు, చాలా తేడా ఉంది. బ్యాంకు చితికితే షేర్‌హోల్డర్ పంక్తిలో చివర కూర్చున్నవాడు, వడ్డన అక్కడిదాకా వస్తే వచ్చినట్టు. హైదరాబాద్ గ్లోబల్ ట్రస్ట్ బ్యాంకు 2004లో ఓరియంటల్ బ్యాంకులో కలిసినప్పుడు డిపాజిటర్ల డబ్బు భద్రంగా ఉంది, షేర్‌హోల్డర్లకు ఏమీ రాలేదు. 2020 నవంబర్‌లో లక్ష్మీ విలాస్ బ్యాంకుదీ అదే కథ, షేర్ల విలువ సున్నా చేసి సింగపూర్‌కు చెందిన డీబీఎస్ బ్యాంకులో కలిపారు. తిరుపతి వాళ్ళకు యెస్ బ్యాంకు సంగతి బాగా గుర్తుండాలి. టీటీడీ అందులోని 1,300 కోట్ల డిపాజిట్లను సంక్షోభానికి కొన్ని నెలల ముందే వెనక్కి తీసుకుంది. 2020 మార్చి 5న ఆ బ్యాంకు మీద ఆంక్షలు పెట్టి, ఒక్కొక్కరు 50,000 మాత్రమే తీసుకోవాలన్నారు. మిగిలిన డిపాజిటర్లకు మార్చి 18న ఆ ఆంక్ష తొలగింది. షేర్‌హోల్డర్లలో 100 కంటే ఎక్కువ షేర్లు ఉన్నవాళ్ళకు మాత్రం వాటిలో 75 శాతం మూడేళ్ళ పాటు అమ్ముకోవడానికి లేకుండా లాక్ చేశారు.

ఎస్‌బీఐకి అలాంటిదేదో జరుగుతుందని అనడం లేదు. ఎఫ్‌డీని నిశ్చింతగా ఉంచండి. డిపాజిట్ బీమా ఒక బ్యాంకులో ఒక్కొక్కరికి 5 లక్షల దాకానే ఉంటుంది కాబట్టి, చిన్న బ్యాంకుల్లోనో సహకార బ్యాంకుల్లోనో ఇంకా డిపాజిట్లు ఉంటే వాటిని ఆ హద్దులో పెట్టుకోండి. మీ ఇంటి పొదుపులో షేర్ల భాగం మొత్తం ఒకే బ్యాంకు షేరైతే మాత్రం దాన్ని మెల్లగా తగ్గించాలి.

ఉంచుకునే షేర్ల కోసం మూడు నెలలకోసారి ఫలితాలు వచ్చినప్పుడు ఒక అరగంట కేటాయించండి. కొత్తగా మొండి బాకీలైన అప్పులు ఎంత, నికర మొండి బాకీలు పెరుగుతున్నాయా, డిపాజిట్లు అప్పులతో సమానంగా పెరుగుతున్నాయా, లాభంలో ఎంత భాగం వడ్డీ నుంచి వచ్చింది, ఎంత బాండ్లు అమ్మడం వల్ల వచ్చింది. వడ్డీ రేట్లు తగ్గే రోజుల్లో ఈ చివరిది ముఖ్యం. రెపో, అంటే బ్యాంకులకు ఆర్‌బీఐ అప్పిచ్చే రేటు, తగ్గితే చాలా ఇంటి లోన్ల వడ్డీ త్వరగా తగ్గుతుంది, పాత డిపాజిట్ల వడ్డీ గడువు దాకా తగ్గదు. అలా బ్యాంకు మార్జిన్ (వచ్చే వడ్డీకీ కట్టే వడ్డీకీ తేడా) తగ్గినా, రేట్లు తగ్గితే పాత బాండ్ల ధర పెరుగుతుంది కాబట్టి ఆ లాభం దాన్ని ఆ త్రైమాసికానికి కప్పేయొచ్చు. వరుసగా రెండు మూడు సార్లు ఇవి పాడవుతుంటే అప్పుడు అమ్మడం గురించి ఆలోచించండి. అప్పు చేసి మాత్రం ఎప్పుడూ కొనొద్దు.

అమ్మేటప్పుడు పన్ను కూడా చూసుకోండి. ఏడాది దాటిన షేర్ల మీద లాభంలో ఒక ఆర్థిక సంవత్సరానికి 1.25 లక్షల దాకా పన్ను లేదు, ఆపైన 12.5 శాతం. ఏడాది లోపు కొన్నవైతే లాభం మీద 20 శాతం. పెళ్ళి వచ్చే ఏడాది కాబట్టి కొన్ని మార్చి 31 లోపు, మిగతావి ఏప్రిల్‌లో అమ్మితే మినహాయింపు రెండుసార్లు వాడుకోవచ్చు. షేర్లు నాన్నగారి పేరుమీద ఉంటే ఆయన డీమ్యాట్ స్టేట్‌మెంట్ తీసి, ఏవి ఎప్పుడు కొన్నారో తేదీలు రాసుకోండి. ముందుగా కొన్నవే ముందు అమ్మినట్టు లెక్కిస్తారు. ఆ తేదీలు, పెళ్ళి నెల చెబితే ఏ నెలలో ఎంత అమ్మితే పన్ను తక్కువ పడుతుందో నేను లెక్క వేసి ఇక్కడే రాస్తాను.