ఏటేటా పూసే మొక్కల్లో నా ఓటు మల్లెకే

ఒకసారి నాటితే ఏళ్ళ తరబడి పూసే మొక్కల్లో మీకేది ఇష్టం అని అడిగారు. మల్లె. రెండో మాట లేదు. మా రాజమండ్రి ఇంట్లో మందారం, నందివర్ధనం, గన్నేరు, పారిజాతం అన్నీ ఉన్నాయి. కానీ పూసిన పువ్వు ఇంటివాళ్ళకి దక్కేది మల్లె ఒక్కదాంట్లోనే.

మిగతావన్నీ తెల్లారేసరికి విచ్చుకుని ఉంటాయి. అదే వేళకి మా వీధిలో వాకింగ్ బ్యాచ్ దిగుతుంది. ధనుర్మాసంలో ఒకరోజు పాలకోసం గేటు తీశాను కదా, మంకీ క్యాప్ పెట్టుకున్న ఒక పెద్దాయన గొడుగు వంకీతో మా నందివర్ధనం కొమ్మ లాగి కోసేస్తున్నారు. తుంచిన చోటల్లా పాలు కారుతున్నాయి. చేతిలో కవరు, అడుగున మా ముద్దమందారాలు, ఇంకా సగం కూడా విడనివి. నన్ను చూసి కంగారు పడలేదు సరికదా, "దేవుడికమ్మా" అన్నారు. "మా ఇంట్లోనూ ఉన్నాడండీ బాబాయిగారూ, ఆయనకీ రెండు వదలండి" అన్నాను. "చెట్టు నిండా ఉన్నాయి కదమ్మా" అంటూ ఇంకో నాలుగు కోసుకుని కొమ్మ వదిలేశారు. ఆకుల మీది మంచు అంతా నా మొహాన పడింది. పైగా వెళ్తూ వెళ్తూ మల్లెపాదు వంక చూసి, "ఇది ఎండిపోయినట్టుంది, పీకించేయండి" అని సలహా! లోపల్నుంచి మావారు "పోనిద్దూ, పుణ్యం మనకీ వస్తుంది" అని.

ఆ మల్లె ఎండిపోలేదు, నేనే కొమ్మలు కొట్టేశాను. మల్లె పూసేది కొత్త చిగురుకి. పాత కొమ్మల్ని చూసుకుని మురిసిపోతే మిగిలేది ఆకే. ఆకులు పచ్చగా ఉన్నాయి, పూలేవీ అని అడిగేవాళ్ళు కత్తెర పట్టమంటే మాత్రం బెంబేలెత్తిపోతారు. నవంబరు నెలాఖరు నుంచి నీళ్ళు తగ్గించేయాలి. సంక్రాంతి లోపు మోకాలెత్తుకి కత్తిరించి, మిగిలిన ఆకు దూసేయాలి. పాదు తవ్వి కొన్నాళ్ళు ఎండనిచ్చి, పశువుల గెత్తం వేసి, అప్పుడు నిండుగా నీళ్ళు పెట్టాలి. ఫిబ్రవరిలో చిగురు, మార్చిలో మొగ్గ, ఆపైన ఎండాకాలమంతా పూలే. ఎండ తగలని చోట మాత్రం ఏం చేసినా దండగ.

నర్సరీల ఊరు కడియం పక్కనే కదా, గులాబీలు పెట్టలేదా అంటారు. అంటు కట్టిన చోటుకి కిందనుంచి లేచే చిగుళ్ళు ఎప్పటికప్పుడు తీసేయకపోతే అవే చెట్టయి కూర్చుంటాయి, మనం కొన్న గులాబీ పోతుంది. ఆ కాపలా నావల్ల కాదు.

మల్లెకి సాయంత్రం ఒక్క అరగంట చాలు. నాలుగున్నరకి వెళ్తే ఆ రోజు విచ్చే మొగ్గ ఉబ్బి పాలతెలుపుకి వచ్చి ఉంటుంది. ఆకుపచ్చ ఛాయ ఉన్నది రేపటికి. ఊదారంగు తిరిగితే లోపల పురుగున్నట్టే, తుంచి పారేయండి. కట్టిన మాల రాత్రికి తల్లోనే విచ్చుకుంటుంది. తెల్లారి గొడుగేసుకుని వచ్చినవాళ్ళకి ఆకులే.

మాది గుండుమల్లె. వానాకాలంలో కింది కొమ్మ వంచి మట్టిలో పూడ్చి పైన రాయి పెడితే చక్కగా వేళ్ళు పోస్తుంది. ఎవరికి కావాలన్నా ఇస్తాను. ఆ పెద్దాయన అడిగినా ఇస్తాను, కాకపోతే వీధి గోడ పక్కనే నాటుకోమని చెప్పి మరీ ఇస్తాను.