ఆంటీ అని మాత్రం పిలవకు

బంగారం,

మీ యూనివర్సిటీ లైబ్రరీ వాళ్లు నీకు ఆ రికార్డింగుల పని అప్పగించారని, వచ్చే బుధవారం నుంచే అలబామాలోని మన బర్మింగ్‌హామ్‌లో 70 దాటినవాళ్ల ఇళ్లకు వెళ్లి వాళ్ల టీనేజీ రోజులు ఎలా గడిచాయో అడగాలని నీ మెసేజ్‌లో చూశాను. టెన్షన్‌గా ఉంది పెద్దమ్మా అన్నావు. కొంచెం ఉంటేనే మంచిది, నువ్వు అడగబోయేది మామూలు కబుర్లు కాదు. మీ పెదనాన్న రెసిడెన్సీ కోసం 1974లో ఈ ఊరొచ్చాం, ఆసుపత్రి ల్యాబ్‌లో 28 ఏళ్లు చేశాను, రిటైరయ్యాక ఒక చర్చి వాళ్లు ఇలాగే పెద్దవాళ్ల జ్ఞాపకాలు రికార్డు చేస్తుంటే వాళ్ల వెంట పదేళ్లు తిరిగాను. అలా తెలిసినవే రాస్తున్నాను, ఫోన్‌లో పైపైన చూసి వదిలెయ్యకు.

అన్నిటికంటే ముందు, నల్లజాతి పెద్దావిడని ఆంటీ అని పిలవకు. అంకుల్ కూడా వద్దు. మనకది గౌరవం, నోట్లోంచి దానంతటదే వచ్చేస్తుంది. కానీ సెగ్రెగేషన్ రోజుల్లో, అంటే బస్సూ బడీ అన్నీ నల్లవాళ్లకి వేరుగా పెట్టిన రోజుల్లో, ఇక్కడి తెల్లవాళ్లు, మిసెస్ అంటే ఎక్కడ తమతో సమానమైపోతుందోనని, ఆ మాట తప్పించుకోడానికి వాడిన పిలుపే అది. మగవాళ్లని వయసులో ఉన్నప్పుడు బాయ్ అనేవాళ్లు, జుట్టు నెరిశాక అంకుల్ అనేవాళ్లు. మిస్టర్ అనిపించుకోకుండానే ఎందరో పోయారు. ఈ అలబామాలోనే, గాడ్స్‌డెన్‌లో, 1963లో మేరీ హామిల్టన్ అనే ఉద్యమకారిణిని కోర్టులో ప్రభుత్వ లాయరు ఉత్త మేరీ అని పిలిస్తే, మిస్ హామిల్టన్ అనేదాకా జవాబు చెప్పనంది. కోర్టు ధిక్కారమని 5 రోజుల జైలు, 50 డాలర్ల జరిమానా వేశారు. ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1964లో ఆమె గెలిచింది. మనం రోజుకి వందసార్లు అనే 'గారు' కోసం, చూడు. కాబట్టి మిసెస్ అని, ఇంటిపేరుతో పిలువు. ఫలానాలా పిలువమ్మా అని వాళ్లే చెబితే అప్పుడు మార్చుకోవచ్చు.

ఇంకోటి, మాటలు 1963తో మొదలుపెట్టకు. నువ్వు పంపిన కాగితంలో మొదటి ప్రశ్నే "మీరు మార్చ్‌లో పాల్గొన్నారా" అని ఉంది, సెగ్రెగేషన్‌కి ఎదురుతిరిగి బడిపిల్లలు చేసిన ఊరేగింపు సంగతి, దాన్ని కిందికి తోసెయ్. ఆ ఏడాది మే 2న సిక్స్‌టీన్త్ స్ట్రీట్ బాప్టిస్ట్ చర్చిలోంచి బడిపిల్లలు పాడుకుంటూ వరసలు కట్టి బయటికి రావడం, మర్నాడు కెల్లీ ఇంగ్రమ్ పార్కు దగ్గర, ఊరి పోలీసు, ఫైరింజన్ శాఖల పెద్ద బుల్ కానర్ కుక్కల్ని ఉసిగొల్పించడం, ఫైరింజన్ పైపులతో పిల్లల్ని కొట్టించడం, జైళ్లు చాలక ఎగ్జిబిషన్ మైదానంలో పెట్టడం, ఇదంతా ఈ ఊళ్లో అందరికీ కంఠతా వచ్చు. అడిగితే ఫొటోల్లో ఉన్నదే నీకు అప్పజెబుతారు, తాము కళ్లతో చూసింది చెప్పరు. వాళ్లకప్పుడు 14, 15 ఏళ్లు. ఆ వయసు పిల్లకి ఏం కావాలి? బట్టలు, బూట్లు, బస్సు, సినిమా, స్నేహితులు. వాటి గురించి అడుగు.

నేనొకావిడని "ఈస్టర్‌కి బూట్లు ఎక్కడ కొనేవారు" అని మాత్రమే అడిగాను. లేచి వంటింట్లోకెళ్లి కిరాణా కాగితం సంచి ఒకటి తెచ్చి, చింపి నేలమీద పరిచి, 73 ఏళ్ల మనిషి, చెప్పు విప్పి పాదం దానిమీద ఆనించి, వంగి పెన్సిలుతో చుట్టూ గీత గీసి చూపించింది. నల్లజాతి పిల్లల్ని బూట్లు తొడిగి చూడనిచ్చేవాళ్లు కాదు డౌన్‌టౌన్ షాపుల్లో, అందుకని వాళ్లమ్మ ఇలా గీసి కత్తిరించిన కాగితాన్ని పట్టుకెళ్లి, బూటులో పెట్టి సరిచూసి కొనేదట. ఏడాదంతా రావాలని బొటనవేలి ముందు కాస్త జాగా వదిలి గీసేదట. "14 ఏళ్లొచ్చాక కాగితం మీద కాలు పెట్టనన్నాను, ఆ ఈస్టర్‌కి పాత బూట్లతోనే చర్చికెళ్లాను" అంది. తర్వాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. అలాంటి చోట నువ్వు కంగారుపడి ఇంకో ప్రశ్న వెయ్యకు, రికార్డర్ ఆపకు, ఊరికే కూర్చో. ఆవిడ ఆ మౌనం తర్వాత, అమ్మ ఆ రోజు వెనక బెంచీలో కూర్చుని తన కాళ్లకేసి చూసి ఏడ్చిందని చెప్పింది. నేను ఇంకో ప్రశ్న వేసి ఉంటే ఆ మాట వచ్చేది కాదు.

చాలామంది "నేనప్పుడు చిన్నపిల్లని, నాకేం తెలుసు" అని తప్పుకుంటారు. అప్పుడు క్లాడెట్ కాల్విన్ సంగతి ఎత్తు. మాంట్‌గొమరీలో, తెల్లవాళ్లకి బస్సు సీటు వదలనని చరిత్రకెక్కిన రోజా పార్క్స్ కంటే తొమ్మిది నెలల ముందు, 1955 మార్చి 2న, 15 ఏళ్ల ఆ స్కూలుపిల్ల బస్సులో సీటు వదలనంటే బేడీలు వేసి తీసుకెళ్లారు. బస్సుల్లో వేరు సీట్లు చెల్లవని చివరికి తేల్చిన కేసులో నలుగురు వాదుల్లో ఆమె ఒకరు. అయినా ఎన్నో ఏళ్లు ఆమె పేరు ఎవరూ తలుచుకోలేదు. ఈ సంగతి చెబితే వాళ్ల ముఖంలో మార్పు నీకే కనిపిస్తుంది.

మార్చ్‌కి వెళ్లనివాళ్లూ తగులుతారు, నిజానికి వాళ్లే ఎక్కువ. నేనొక పెద్దాయన్ని "మీరెందుకు వెళ్లలేదు" అని అడిగేశాను. అది మార్చుకోలేని తప్పు. ఆయన మెల్లగా రికార్డర్ ఆపమన్నాడు, టీ ఇచ్చాడు, మళ్లీ పిలవలేదు. తర్వాత వాళ్ల చెల్లెలు చెప్పింది, వాళ్ల నాన్న స్టీలు మిల్లులో పనిచేసేవాడు, కొడుకు అరెస్టయితే ఆ ఉద్యోగం పోతుంది, ఇంట్లో ఆరుగురు. ఆ వారం వెయ్యికి పైగా పిల్లల్ని అరెస్టు చేశారు, దానికి స్కూలు బోర్డు వెయ్యికి పైగా పిల్లల్ని బళ్లోంచి తీసేస్తే ఫెడరల్ కోర్టు ఆపాల్సొచ్చింది. అంత జరుగుతుంటే ఇంట్లో ఉండిపోయిన 16 ఏళ్ల కుర్రాడు ఆ భారం ఇప్పటికీ మోస్తున్నాడు. "ఆ రోజు మీరెక్కడున్నారు" అని అడుగు చాలు.

అదే 1963లో, ఆ సిక్స్‌టీన్త్ స్ట్రీట్ చర్చిలో నలుగురు ఆడపిల్లల్ని చంపిన సెప్టెంబర్ 15 బాంబు గురించి నువ్వుగా ఎత్తకు. వాళ్లే ఎత్తితే విను. ఆ నలుగురు ఆడపిల్లలతో కలిసి చదువుకున్నవాళ్లు, పక్కింట్లో ఉన్నవాళ్లు ఇంకా ఉన్నారు. అదే రోజు ఇద్దరు మగపిల్లల్ని, 16 ఏళ్ల జానీ రాబిన్సన్‌ని, 13 ఏళ్ల వర్జిల్ వేర్‌ని కూడా కాల్చి చంపారు, ఆ పేర్లు తెలుసుకుని వెళ్లు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమైనది. నీ కాగితంలో 1965 తర్వాత ఒక్క ప్రశ్నా లేదు. 'తెల్లవాళ్లకి మాత్రమే' బోర్డులు తీసేశారు, చట్టాలు వచ్చాయి, కథ అయిపోయింది అన్నట్టుంది. అప్పటికి టీనేజీలో ఉన్నవాళ్లకి అసలు కథ అక్కడే మొదలైంది. వేరు బళ్లు చెల్లవని సుప్రీంకోర్టు 1954లోనే చెప్పినా, అలబామాలో చాలా బళ్లు నిజంగా కలిసింది 1967 కోర్టు ఆర్డరు తర్వాత, 1970 దాకా ఒక్కొక్కటిగా. కలపడం అంటే చాలాచోట్ల ఏం చేశారో తెలుసా, నల్లజాతి పిల్లల హైస్కూలు మూసేసి, లేదా చిన్న తరగతుల బడిగా మార్చేసి, పిల్లల్ని తెల్లవాళ్ల బడికి పంపారు. హెడ్మాస్టర్లని కిందికి దింపారు, వేలమంది నల్లజాతి టీచర్ల ఉద్యోగాలు దక్షిణాది అంతటా పోయాయి. వాళ్ల పాత బడిలో పుస్తకాలు తెల్లబడి వాడి పారేసినవే, అట్ట లోపల పేరు రాసుకోడానికి గీత మిగిలేది కాదు. కానీ వాళ్ల బ్యాండు ఉండేది, వాళ్ల పాట ఉండేది, ఇంటికొచ్చి అమ్మతో మాట్లాడే టీచరు ఉండేది. ఒకావిడ నాతో అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది. "పాత బళ్లో నేను డ్రమ్ మేజర్ని, బ్యాండు ముందు నడిచేదాన్ని. కొత్త బళ్లో మూడు నెలలు ఎవరూ నా పేరడగలేదు." వాళ్లు గెలిచిన కప్పులన్నీ చెత్త లారీలో పోతుంటే చూసిందట. ఇది చెబుతూ ఆవిడ రెండుసార్లు అంది, మళ్లీ వేరుగా ఉండాలని నా ఉద్దేశం కాదు, అలా రాయకండి అని. నువ్వూ ఆ రెండూ కలిపే రాసుకో, ఒకటి వదిలేసి ఇంకోటి రాస్తే ఆవిడకి అన్యాయం. బడి రంగులేంటి, బడి పాట గుర్తుందా అని అడుగు. 75 ఏళ్ల వాళ్లు లేచి నిలబడి పాడతారు.

తెల్లవాళ్ల ఇళ్లకీ వెళ్లాలన్నావు. వెళ్లు. "మాకేమీ తెలీదు, ఇక్కడంతా బాగానే ఉండేది" అంటారు. వాదించకు. మీ ఇంట్లో వంట ఎవరు చేసేవారు, ఏ తలుపులోంచి వచ్చేవారు, ఆవిడ ఎక్కడ కూర్చుని తినేది, మీరు ఆవిడని ఏమని పిలిచేవారు, ఆవిడ మిమ్మల్ని ఏమని పిలిచేది, ఇవి అడుగు. ఆ చివరి రెండు ప్రశ్నల దగ్గర చాలామంది ఆగిపోతారు.

ఎవరో ఒకరు నిన్నూ అడుగుతారు, మీ దేశంలో ఎలా ఉండేది అని. అబద్ధం చెప్పకు. నేను చెప్పాను, మొదట్లో చాలా ఏళ్లు. తెనాలి దగ్గర మన ఊళ్లో టీకొట్టులో రెండు రకాల గ్లాసులుండేవి, మాలపల్లి వాళ్లవి వేరే మేకుకి వేలాడేవి, తాగి వాళ్లే కడిగి పెట్టాలి. మా పాలేరు మా నాన్న కంటే పెద్దవాడు, నేను 12 ఏళ్లదాన్ని, ఏరా అని పిలిచేదాన్ని, ఆయన నన్ను అమ్మాయిగారూ అనేవాడు. అది కూడా 1963. ఇక్కడిదీ అక్కడిదీ ఒకటేనని నేననను, కానీ ఆ బూట్లావిడకి ఈ సంగతి చెప్పాకే ఆవిడ నన్ను రెండోసారి రమ్మంది. చెప్పడానికి సిగ్గేసింది, చెప్పాను.

మిగతావి చిన్నవి. ఒక్కరోజులో పూర్తి చెయ్యాలనుకోకు, రెండోసారి వెళ్లినప్పుడే మనసులో మాట వస్తుంది. సంతకం పెట్టించుకునే కాగితం చివర్లో కాకుండా ముందే చదివి వినిపించు, వాళ్ల పిల్లలు ఈ రికార్డింగు వినొచ్చా అని విడిగా అడుగు. కొందరు పిల్లలకి ఇప్పటిదాకా ఏమీ చెప్పలేదు. తినడానికి ఏది పెట్టినా కాదనకు, వెజిటేరియన్ అని ముందే ఫోన్‌లో చెప్పు, లేకపోతే ఆకుకూరలో కూడా పంది మాంసం వేస్తారు.

బుధవారం మొదటి ఇల్లు నాకు తెలిసిన వీధిలోనే. నీకు కారు లేదు కదా, పొద్దున్నే నేను వస్తాను. లోపలికి రాను, బయట కార్లో కూర్చుంటాను.

మీ పెద్దమ్మ