నెపోలియన్ పతనానికి వాటర్లూయే కారణమా?

"మామూలు ఫిరంగిదళ అధికారి చక్రవర్తి ఎలా కాగలిగాడు, అంతటివాడు వాటర్లూలో ఒక్క ఓటమితో ఎలా కూలిపోయాడు?" అని అడిగారు. ఇరవై ఏళ్లకు పైగా డిగ్రీ విద్యార్థులకు యూరప్ చరిత్ర చెప్పినవాణ్ణి కాబట్టి, ఆ అనుభవంతోనే జవాబు రాస్తున్నాను. నన్నడిగితే, వాటర్లూ నాటికి అసలు కథ అయిపోయింది. ఆయన్ను పైకి తెచ్చిన పద్ధతే 1812లో రష్యాలో ఆయన్ను దెబ్బతీసింది.

ఎదుగుదలలో కాలం కలిసొచ్చిన మాట నిజమే. ఫ్రెంచి విప్లవానికి భయపడి కులీన అధికారులు ఎందరో దేశం విడిచిపోవడంతో పై పదవులు ఖాళీ అయ్యాయి. తూలాన్ రేవు ముట్టడిలో చూపిన నేర్పుకు 1793లో, ఇరవై నాలుగేళ్లకే, ఆయన బ్రిగేడియర్ జనరల్ అయ్యాడు. 1796లో ఇటలీలో పోరాడేందుకు ఆయన చేతికి వచ్చిన ఫ్రెంచి సైన్యానికి సరైన జీతాలు లేవు, చాలామందికి కాళ్లకు బూట్లు కూడా లేవు. తిండిగింజలు వెంట మోసుకుపోకుండా శత్రువు నేల మీదే సంపాదించుకుంటూ, శత్రువు ఊహించని వేగంతో నడిచి, ఒక పెద్ద యుద్ధంలో గెలిచి, వెంటనే సంధి రాయించుకోవడం ఆయన పద్ధతి. ఇటలీలోని పో నది మైదానం పంటలకు పెట్టింది పేరు కనుక అది అక్కడ చక్కగా సాగింది. 1804 డిసెంబరు 2న కిరీటం పెట్టుకున్నాడు. సరిగ్గా ఏడాదికి, అదే తేదీన, ఆస్టర్లిట్జ్‌లో గెలిచాడు. ఆ నెల దాటకముందే ఆస్ట్రియా సంధికి వచ్చింది.

తరగతిలో రష్యా పాఠం వచ్చినప్పుడల్లా, మినార్ అనే ఫ్రెంచి ఇంజనీరు 1869లో గీసిన, సైనికుల సంఖ్యను పట్టీ వెడల్పుతో చూపే పటాన్ని నల్లబల్ల మీద వేసేవాణ్ణి. పదివేల మందికి ఒక సెంటీమీటరు చొప్పున, రష్యా సరిహద్దులోని నీమెన్ నది దాటిన 4,22,000 మందికి నలభై రెండు సెంటీమీటర్ల వెడల్పు పట్టీ గీయాలంటే సుద్దముక్కను అడ్డంగా పట్టి చాలాసేపు రుద్దాలి. మాస్కో దగ్గరకు వచ్చేసరికి అది పది సెంటీమీటర్లే. తిరిగి నది దాటేచోట ఒకే ఒక్క సెంటీమీటరు. "చలికి చచ్చిపోయారు" అని పిల్లలు ఠక్కున అనేవారు. బల్లను మళ్లీ చూడమనేవాణ్ణి, ఎందుకంటే పట్టీ సన్నబడింది ఎక్కువగా వెళ్లేటప్పుడే, అదీ ఎండాకాలంలో. దారిలో కాపలాకు వదిలిన దళాలు పోగా, మిగతావారిని ఆకలి, విరేచనాలు, టైఫస్ అనే అంటుజ్వరం తీసుకుపోయాయి. మేత లేక గుర్రాలు వేలకొద్దీ చచ్చాయి. పలచగా ఊళ్లున్న ఆ నేల మీద, అదీ వెనక్కి తగ్గే రష్యన్లు గిడ్డంగులు తగలబెట్టిపోయాక, అంత సైన్యానికి తిండి ఎక్కడ దొరుకుతుంది?

ఒక ఏడాది వెనక బల్లలో కూర్చునే అబ్బాయి లేచి, "సర్, మాస్కో దొరికింది కదా, గెలిచినట్టే కదా, మరి వెనక్కి ఎందుకు వచ్చాడు?" అన్నాడు. అన్నేళ్లలో నేను విన్న ప్రశ్నల్లో అంత మంచిది మరొకటి లేదు. మాస్కో అప్పటి రాజధాని కాకపోయినా, అంతటి నగరం పడితే రాజు సంధికి వస్తాడన్నది నెపోలియన్ లెక్క. రష్యా చక్రవర్తి జార్ అలెగ్జాండర్ రాలేదు, ఉత్తరాలకు జవాబే ఇవ్వలేదు. కాలిపోయిన నగరంలో సెప్టెంబరు 14 నుంచి అక్టోబరు 19 వరకు ఎదురుచూసి, చలి ముంచుకొస్తుండగా బయలుదేరాడు. ఇటలీలో నేర్చుకున్న పాఠానికి అక్కడ అర్థం లేకుండా పోయింది.

తర్వాతిది త్వరగా చెప్పవచ్చు. 1813లో లైప్‌జిగ్ ఓటమి, 1814లో ఎల్బా ద్వీపానికి ప్రవాసం, తిరిగొచ్చి వంద రోజుల పాలన, 1815 జూన్ 18న వాటర్లూ. అక్కడ గెలిచినా, రష్యా, ఆస్ట్రియా సైన్యాలు ఇంకా వస్తూనే ఉన్నాయి.

ఉద్యోగ విరమణ తర్వాత పారిస్‌లో ఆయన సమాధి చూశాను. ఇన్వాలిడ్ గోపురం కింద, శవపేటిక చుట్టూ నేల మీద ఆయన విజయాల పేర్లు చెక్కి ఉన్నాయి. వాటర్లూ ఉండదని తెలుసు. కానీ రష్యా నేల మీద, బోరొడినోలో జరిగిన యుద్ధం "మోస్కోవా" అన్న ఫ్రెంచి పేరుతో ఆ విజయాల వరుసలో ఉంది. ఆ అబ్బాయి నా పక్కన ఉంటే ఏమని అడిగేవాడో అనుకున్నాను.