మనసు హైదరాబాద్‌లో, మనిషి పరవాడలో

ప్రశ్న: నా వయసు 33. విశాఖపట్నం గాజువాకలో ఉంటాం. పరవాడలో ఒక మందుల కంపెనీ క్యూసీ (నాణ్యత పరీక్షల) ల్యాబ్‌లో ఏడేళ్లుగా పనిచేస్తున్నాను. హైదరాబాద్‌లో ఇంతకన్నా మంచి జీతంతో ఉద్యోగం వచ్చింది. రాజీనామా ఇచ్చి నెల కావస్తోంది. నోటీసు పీరియడ్ ఇంకో నెల ఉంది. పొద్దున్నే కంపెనీ బస్సెక్కాలంటే కాళ్లు రావడం లేదు. మేనేజర్ నన్ను మీటింగులకు పిలవడం మానేసి, వరసగా నైట్ షిఫ్టులు వేస్తున్నారు. ఫ్రెండ్సేమో 'సిక్ లీవు పెట్టి పడుకో' అంటున్నారు. ఈలోగా కొత్త కంపెనీ ఆఫర్ వెనక్కి తీసుకుంటే ఎలాగన్న టెన్షన్ ఒకటి. స్టీల్‌ప్లాంట్‌లో రిటైరైన మా నాన్న 'ఉన్న ఊళ్లో ఉద్యోగం వదిలీసి ఎక్కడికెల్తావు?' అన్నారు. అప్పట్నుంచీ సరిగా మాట్లాడటం లేదు. నా భార్య ఇక్కడే స్కూల్ టీచర్, పాప ఒకటో తరగతి. ఈ నెల రోజులు ఉత్సాహంగా పనిచేసే దారి చెప్పండి.

జవాబు: ఉత్సాహం రాదండీ. దానికోసం ఎదురుచూడటం మానేస్తే సగం బరువు దిగుతుంది. ఇన్నాళ్లూ మిమ్మల్ని పొద్దున్నే లేపినవి ఏమిటో ఆలోచించండి. ఇంక్రిమెంటు, ప్రమోషను, ఆడిట్ గట్టెక్కించాలన్న పట్టుదల, పైవాళ్ల దగ్గర మంచి పేరు. రాజీనామా పంపిన రోజే అవన్నీ మీవి కాకుండా పోయాయి. అలాంటప్పుడు బస్సెక్కబుద్ధి కాకపోవడం బద్ధకమేమీ కాదు. మీటింగుకి పిలవకపోవడం కూడా చాలా కంపెనీల్లో ఉన్నదే. వెళ్లిపోయే మనిషి ముందు వచ్చే ఏడాది సంగతులు మాట్లాడుకోరు.

అయితే మీ పనిలో ఒక చిక్కుంది. వేరే ఉద్యోగంలో మనసు పెట్టకపోతే ఫైలు ఆలస్యమవుతుంది, అంతే. క్యూసీలో అలా కాదు. పరధ్యానంలో ఒక డైల్యూషన్ (ద్రావణం పలుచన చేయడం) తప్పితే ఫలితం పరిమితులు దాటొచ్చు, దాన్నే ఓఓఎస్ (అవుట్ ఆఫ్ స్పెసిఫికేషన్) అంటారు. దాని మీద విచారణ, రీటెస్టు, బ్యాచ్ విడుదల ఆగిపోవడం. లాగ్‌బుక్‌లో రాయాల్సిన గంటకు రాయకుండా షిఫ్టు చివర్లో గుర్తు తెచ్చుకుని నింపినా తప్పే. ఆ పేజీలో సంతకం మీదే ఉంటుంది. మీరు వెళ్లిపోయాక ఏ ఆడిటరో వచ్చి ఆ పేజీ తెరిస్తే నిలబడి జవాబు చెప్పాల్సింది మాత్రం మీ పక్క టేబుల్ దగ్గరి కుర్రాడు. అందుకే అదనపు పనులు ఒప్పుకోవడం తగ్గించండి, కొత్త మెథడ్ వ్యాలిడేషన్ల (పరీక్ష పద్ధతి సరైనదేనని రుజువు చేసే పని) జోలికి పోకండి. చేతిలో ఉన్న శాంపిల్ దగ్గర మాత్రం మొదటి రోజు ఎలా చేశారో అలాగే చేయండి.

మిగిలిన ఓపిక హ్యాండోవర్ (పని అప్పగింత) మీద పెట్టండి. ఎస్‌ఓపీలో (పని చేసే తీరు రాసిపెట్టిన పత్రం) ఉన్నది ఎవరైనా చదువుకుంటారు. అందులో లేనిది మీ బుర్రలో ఉంది. మందులోని పదార్థాలను విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రాల్లో ఏ కాలమ్ (విడదీసే గొట్టం) వాడగా వాడగా పీక్ టెయిలింగ్ (గ్రాఫులో శిఖరానికి తోక సాగడం) ఇస్తుంది, ఏ పంపు పొద్దున్న మొరాయిస్తుంది, మందు ఎన్నాళ్లు చెడకుండా ఉంటుందో చూడటానికి దాచిన ఏ స్టెబిలిటీ శాంపిల్ వచ్చే నెల ఏ తారీఖున తీయాలి, సగంలో ఉన్న విచారణలో ఇంకా ఎవరు ఏం రాయాలి. రోజుకి ఒకటీ రెండూ రాసుకుంటూ పోండి. పని మీద విసుగున్నా, తెలిసింది రాయడానికి విసుగు తక్కువగా ఉంటుంది. ఒక జాగ్రత్త: ఈ కాగితాలు కంపెనీలోనే ఉండాలి. 'రేపు పనికొస్తుంది' అని మెథడ్ ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోవడం, సొంత మెయిల్‌కి పంపుకోవడం చేయొద్దు. ఏడేళ్ల మంచి పేరు దాంతో పోతుంది.

ఇక నైట్ షిఫ్టులు. 'కక్ష కట్టి వేస్తున్నారు' అని మేనేజర్‌తో వాదనకు దిగితే మాట పడటం తప్ప లాభం లేదు. మీ పని నేర్చుకోవాల్సిన వ్యక్తి పగలు ఉంటున్నారా? ఉంటే 'హ్యాండోవర్ పూర్తవ్వాలంటే ఇద్దరం ఒకే షిఫ్టులో ఉండాలి, చివరి రెండు వారాలు జనరల్ షిఫ్టు ఇవ్వండి' అని మర్యాదగా ఒక మెయిల్ పెట్టండి. అది ఆయనకీ అవసరమే. అయినా ఇవ్వకపోతే నెలే కదా, కానివ్వండి.

సిక్ లీవు సలహా వినకండి. నిజంగా ఒంట్లో బాగోకపోతే వేరు. అపాయింట్‌మెంట్ లెటర్ తీసి చూడండి. నోటీసులో సెలవు పెడితే అన్ని రోజులూ చివరి తేదీని పొడిగిస్తామని చాలా కంపెనీలు రాస్తాయి. అప్పుడు హైదరాబాద్‌లో చేరే తేదీ తప్పుతుంది, మీరు భయపడుతున్నదాన్ని మీరే తెచ్చుకున్నట్టవుతుంది. ఆ భయానికి మందు, కొత్త కంపెనీ హెచ్‌ఆర్‌కి ఒక మెయిల్: రాజీనామా ఆమోదించారు, ఫలానా తేదీన రిలీవ్ అవుతున్నాను, ఫలానా తేదీన చేరతాను, ధ్రువీకరించండి అని. జవాబు దాచుకోండి. ఇక రోజూ ఆ మెయిల్ తెరిచి చూసుకోవడం ఆపేయండి.

డబ్బు విషయాలకి ఒక సెలవు రోజు కేటాయించండి. ఐదేళ్లు దాటారు కాబట్టి గ్రాట్యుటీ మీ హక్కు, సర్వీసు ఏడాదికి 15 రోజుల వేతనం చొప్పున. పీఎఫ్ మాత్రం తీసేయకండి. అదే యూఏఎన్ (ఉద్యోగం మారినా మారని పీఎఫ్ నంబరు) మీద కొత్త కంపెనీకి బదిలీ చేసుకోండి. పీఎఫ్‌తో పాటు వచ్చే పింఛనుకి 10 ఏళ్ల సర్వీసు కావాలి, మీకు మూడేళ్లే తక్కువ. ఇప్పుడు పింఛను సొమ్ము కూడా తీసేస్తే మళ్లీ ఒకటి నుంచి లెక్క. ఈ ఆర్థిక సంవత్సరంలో పాత కంపెనీ ఇచ్చిన జీతం వివరాలు కొత్తవాళ్లకి ఇవ్వండి. లేకపోతే ఇద్దరూ విడివిడిగా లెక్కగట్టి పన్ను తక్కువ కోస్తారు, రిటర్ను వేసేటప్పుడు ఒకేసారి కట్టాల్సి వస్తుంది. అమ్మానాన్నలు మీ కంపెనీ ఆరోగ్య బీమాలో ఉన్నారా? ఉంటే అది సాధారణంగా మీ చివరి పనిరోజుతో ఆగిపోతుంది. అదే బీమా కంపెనీలో సొంత పాలసీకి మారే వీలుందేమో ఇప్పుడే హెచ్‌ఆర్‌ని అడగండి.

నాన్నగారి సంగతి. మీ ఉత్తరంలో ఆయన గురించి రెండే ముక్కలు రాశారు గానీ, కాళ్లు రాకపోవడానికి అసలు కారణం అక్కడే ఉందని నా అనుమానం. 1966లో ఉక్కు కర్మాగారం కోసం ప్రాణాలు పోయిన ఊరు మనది. ఆయన తరానికి ఉద్యోగమంటే పోరాడి తెచ్చుకున్నది, రిటైరయ్యేదాకా పట్టుకుని ఉండాల్సింది. 2021లో ఆ కర్మాగారం ప్రైవేటీకరణ మాట వచ్చినప్పుడు దాని దగ్గరి కూర్మన్నపాలెంలో నిరసన శిబిరాలు వెలిశాయి కదా. మీరు రాజీనామా కాగితం చేతిలో పట్టుకొస్తే ఆయనకి అది ఎలా కనిపించి ఉంటుందో చూడండి. జీతం ఎంత పెరిగిందో చెప్పి ఒప్పించే ప్రయత్నం వద్దు. ఆయన బెంగ జీతం గురించి కాదు, మనవరాలు కూడా వెళ్లిపోతుందని కావచ్చు. ముసలితనంలో ఇంట్లో ఇద్దరమే మిగిలిపోతామని కావచ్చు. అడిగితే గానీ తెలియదు.

అడిగేముందు మీరూ మీ ఆవిడా ఒక మాట మీదకు రండి. నా సలహా అయితే, స్కూలు సంవత్సరం మధ్యలో ఆమెనీ పాపనీ కదపొద్దు. ముందు మీరొక్కరే వెళ్లండి. సాయంత్రం దువ్వాడలో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి సికింద్రాబాద్. నెలకి రెండుసార్లయినా రావచ్చు. వేసవి సెలవుల్లో పాప స్కూలు, ఆమె ఉద్యోగం, అమ్మానాన్నలు మీతో వస్తారా అన్నది తేల్చుకోండి. ఇదంతా నాన్నగారికి నోటితో చెప్పండి, అమ్మ ద్వారా కబురు పంపకండి. పీఎఫ్, బీమా కాగితాలు ఆయన ముందు పెట్టి ఓసారి చూడమనండి. అన్నేళ్లు ఉద్యోగం చేసిన మనిషి, వాటిలో మీకు తట్టనిది ఆయన పట్టుకోవచ్చు. ఆ వంకన మాటలు మొదలైతే మంచిదే. మొదలుకాకపోతే ఇంకో వారం ఆగి మళ్లీ అడగండి. చివరి పనిరోజు దాకా మాత్రం లాగొద్దు.