ఇసుక అమ్మకండి, అర్జీ నకలు వెతకండి

ప్రశ్న: మాది గజపతి జిల్లాలో వంశధార ఒడ్డున ఒక పల్లె. కిందటి ఆగస్టులో కరకట్టకు గండి పడి మా మూడెకరాల మడి మీద మోకాలి లోతు ఇసుక మేట వేసింది. నాన్న ఆ దిగులుతోనే మంచం పట్టాడు, చెల్లి పెళ్ళికి చేసిన అప్పు అలాగే ఉంది. కట్ట పనికి కేంద్రం ఇచ్చిన డబ్బంతా కాంట్రాక్టరు తినేశాడని ఊరంతా అంటోంది. గొట్టా బ్యారేజీ దగ్గర ఆంధ్రావాళ్ళు గేట్లు సరిగ్గా ఎత్తలేదని ఇంకొందరు. కట్టకు తొర్రలు పడ్డాయని మేం వేసవిలోనే అర్జీ ఇచ్చాం, ఎవరూ పట్టించుకోలేదు. వరద తర్వాత గ్రీవెన్స్‌కు నాలుగుసార్లు తిరిగాను. ఇప్పుడు ఒక లారీ ఓనరు ఇసుక కొంటానంటున్నాడు. అమ్ముకోవచ్చా? పరిహారం వస్తుందా?

జవాబు: మీ ఉత్తరం నాలుగు పేజీలు. అందులో నాకు పనికొచ్చింది ఒక్క వాక్యం, వేసవిలోనే అర్జీ ఇచ్చామన్నది. దాన్ని మీరు ఏదో మాటవరసకు రాసినట్టు రాసి వదిలేశారు. ఆ అర్జీ మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకున్న నకలు మీ దగ్గర ఉందా లేదా? మీ కేసు నిలబడేదీ పడిపోయేదీ అక్కడే.

ఎందుకంటే గండి పడినంత మాత్రాన ప్రభుత్వం డబ్బు కట్టాలని చట్టంలో లేదు. కార్వేటినగరం జమీందారు చెరువులు తెగి రైలు కట్టడాలు దెబ్బతింటే మద్రాసు రైల్వే కంపెనీ దావా వేసి, 1874లో అప్పటి ఆఖరి కోర్టు, లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్ళి ఓడిపోయింది. జనానికి అవసరమైన చెరువును నిర్వహించేవాడు నిర్లక్ష్యం చేశాడని రుజువైతేనే బాధ్యుడన్నారు. నూటయాభై ఏళ్ళ నాటి తీర్పే అయినా ప్రభుత్వ ప్లీడరు ఇప్పటికీ పట్టుకొచ్చేది అలాంటి మాటే, ‘ఇది దైవికం, కనీవినీ ఎరుగని వరద’ అని. దానికి మీరు రెండు కాగితాలతో జవాబు చెప్పాలి. ఒకటి, తొర్రలున్నాయని వాళ్ళకు ముందే తెలుసు. రెండు, ఆ రోజు నీళ్ళు అంత ఎత్తున రాలేదు. రెండోదానికి కాశీనగర్ దగ్గర కేంద్ర జల సంఘం వాళ్ళ కొలతలున్నాయి, అక్కడ ప్రమాద స్థాయి 54.60 మీటర్లు. గండి పడిన సమయానికి నీరు ఆ గీత కిందే ఉందని తేలితే దైవికం అనే వాదన సగం చచ్చినట్టే. పైన ఉందని తేలితే మాత్రం మీ బరువంతా అర్జీ మీదే పడుతుంది.

నకలు లేదంటారేమో. అదే జరిగిందనుకుంటాను, ఉంటే ఉత్తరంతో జత చేసేవారు! నలభై మంది సంతకాలు పెట్టి, ఆటో కట్టించుకుని వెళ్ళి, ముద్ర వేయించుకోకుండా తిరిగొచ్చేవాళ్ళను ఏమనాలి? సరే, ఇంకా దారి ఉంది. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టండి. ఒడిశాలో ఫారం ‘ఎ’లో రాయాలి, గుర్తింపు కాగితం జత చేయాలి. ఆ వేసవి నెలల్లో ఆఫీసుకు వచ్చిన కాగితాలు ఎక్కించే ఇన్‌వర్డ్ రిజిస్టరు నకలు, కట్ట పని కొలతలు రాసే మెజర్‌మెంట్ బుక్కు, వానలకు ముందు చేసిన తనిఖీ నివేదిక, కాంట్రాక్టరుకు చెల్లించిన బిల్లులు అడగండి. ‘మా ఊరి కట్ట వివరాలన్నీ ఇవ్వండి’ అని రాస్తే ఏమీ రాదు, పేరుపేరునా అడగాలి. ముప్పై రోజుల్లో ఇవ్వకపోతే మొదటి అప్పీలు.

కానీ ఆ కాగితాల కోసం కూర్చోకండి. గండి పడి పది నెలలు దాటింది. చట్టం కింద చేయాల్సిన పని చేయలేదన్న నష్టపరిహారం దావాకు లిమిటేషన్ చట్టం 72వ ఆర్టికల్ ప్రకారం ఏడాదే గడువని అవతలివాళ్ళు తప్పక అంటారు. మీకు 113వ ఆర్టికల్ కింద మూడేళ్ళు ఉందని మీ వకీలు వాదించవచ్చు, నెగ్గనూ వచ్చు, కానీ వాదించి నెగ్గాల్సిన గడువు మీద ఇల్లు కట్టుకోకూడదు. గ్రీవెన్స్‌కు నాలుగుసార్లు కాదు నలభైసార్లు తిరిగినా లిమిటేషన్ ఆగదు. దాన్ని కొంతకాలం ఆపేది సివిల్ ప్రొసీజర్ కోడ్ 80వ సెక్షన్ నోటీసు. ఈ వారమే కలెక్టరుకు రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. రెండు నెలలు ఆగాక దావా వేయాలి, ఆ రెండు నెలలు లెక్కలోంచి తీసేస్తారు.

కేంద్రం డబ్బు, కాంట్రాక్టరు, గొట్టా... ఇవన్నీ రచ్చబండ దగ్గరే బాగుంటాయి. కరకట్టలు రాజ్యాంగం రాష్ట్రాల జాబితాలో 17వ అంశం. డబ్బు ఎవరిదైనా కట్ట చూసుకోవాల్సింది రాష్ట్రం, కాబట్టి మొదటి ప్రతివాది ఒడిశా రాష్ట్రమే. మెజర్‌మెంట్ బుక్కులో ఉన్న మట్టి కట్ట మీద లేదని తేలితే కాంట్రాక్టరును రెండో ప్రతివాదిగా చేర్చవచ్చు. రెండు రాష్ట్రాల మధ్య వంశధార గొడవ 1956 నాటి అంతర్రాష్ట్ర నదీ జల వివాదాల చట్టం కింద ట్రైబ్యునల్‌కు వెళ్ళి 2017 సెప్టెంబరు 13న తీర్పు కూడా వచ్చింది, అందులో మీ మూడెకరాలను ఇరికించకండి. గొట్టా మీకు దిగువన ఉందని కూడా ఒకసారి గుర్తు చేసుకోండి.

ఇక ఇసుక. వద్దు, వద్దు, ఒక్క ట్రాక్టరు కూడా వద్దు. మీ పొలంలో పడిందే అయినా అది చిన్నతరహా ఖనిజం, పర్మిట్ లేకుండా అమ్మి తరలిస్తే గనుల చట్టం 21వ సెక్షన్ కింద ఐదేళ్ళ దాకా జైలు, హెక్టారుకు ఐదు లక్షల దాకా జరిమానా. లారీ ఓనరు పట్టుబడ్డ లారీని విడిపించుకుని పోతాడు, పొలం మీ పేరు మీదే ఉంటుంది. అంతకన్నా పెద్ద నష్టం, ఆ ఇసుకే మీ సాక్ష్యం. అది పోయాక ‘ఎక్కడ మేట?’ అని అడుగుతారు. మీ పక్క మడివాడు ఇప్పటికే అమ్మాడని రాశారు, అతన్ని సాక్షిగా పిలవకండి.

ఈలోగా మేట లోతు కొలిపించండి, రెవెన్యూ ఇన్‌స్పెక్టరు చేత పంచనామా రాయించండి. ఫోటోలు తీసిన ఫోను అమ్మేయకండి, కొత్త సాక్ష్య చట్టం 63వ సెక్షన్ సర్టిఫికెట్ లేకుండా అవి కోర్టులో చెల్లవు. దావా వేయగానే కోర్టు నియమించే అడ్వొకేట్ కమిషనరు చేత కొలిపించమని అడగండి. అప్పటికి వానలు పడి మేట కరిగిపోతుందనుకుంటే, నోటీసు గడువు అయ్యేదాకా ఆగకుండా అదే 80వ సెక్షన్ (2) కింద కోర్టు అనుమతితో ముందే వేయవచ్చు.

విపత్తు సహాయ నిధి నుంచి వచ్చే డబ్బు వేరే సంగతి. 2022–26 నిబంధనల్లో మూడు అంగుళాలకు మించిన మేట తొలగించడానికి సన్న, చిన్నకారు రైతుకు హెక్టారుకు 18,000 రూపాయలు. మీ మూడెకరాలకు పాతికవేలు కూడా రాదు, అయినా అడగండి, తీసుకున్నంత మాత్రాన దావా పోదు. మీ పట్టా ఇంకా తాతగారి పేరు మీదే ఉందని చివరి పేజీలో చిన్న అక్షరాలతో రాశారు. తహసీల్దారు ఆఫీసులో పేరు మార్పుకు (మ్యుటేషన్) పెట్టించండి, వారసులందరూ దావాలో ఉండాలి, ఊళ్ళో ఉండే మీ పెద్దమ్మ పిల్లలతో సహా.

ఫీజు గురించి టెన్షన్ పడకండి. వరద బాధితులకు 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ కింద ఉచిత న్యాయ సహాయం ఉంది. పర్లాకిమిడిలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు పట్టా, ఫోన్లో ఉన్న ఫోటోలు, గ్రీవెన్స్ రసీదులు పట్టుకెళ్ళండి. తెలుగు కాగితాలుంటే ఒడియాలోకి అనువాదం చేయించి తీసుకెళ్ళండి, లేదంటే మళ్ళీ రమ్మంటారు.